అబ్రామ్త్సెవో: పనితనం నిలబెట్టిన చోటు

రష్యన్ సాహిత్యం, చిత్రకళ ఇష్టపడేవాళ్ళకి అక్కడి కొన్ని ఊళ్ళ పేర్లు మనుషుల పేర్లతో కలిసే గుర్తొస్తాయి. యాస్నయా పొల్యానా అనగానే టాల్‌స్టాయ్. మిహయిలొవ్‌స్కొయె అంటే పుష్కిన్. మేలిహొవొ అంటే చెహోవ్. ఒక్కొక్క చోటు ఒక్కొక్కరి సొత్తు. అబ్రామ్త్సెవో అలా ఏ ఒక్కరికీ చెందదు. మాస్కోకి ఈశాన్యంగా సుమారు 60 కిలోమీటర్ల దూరంలో, వోర్యా అనే చిన్న ఏటి గట్టున ఉంది అది. ఒక పాత చెక్క ఇల్లు, చుట్టూ తోట, తోటలో చిన్న చర్చి, అక్కడక్కడా నాలుగైదు కట్టడాలు. రాజప్రాసాదాల దేశంలో ఇదేమంత గొప్ప ఆస్తి కాదు. అయినా 19వ శతాబ్దం రెండో సగంలో రష్యన్ కళ ఏ మలుపు తిరిగిందో తెలుసుకోవాలంటే ఆ ఏటి గట్టుకి వెళ్ళక తప్పదు.

అక్కడికి ఎవరెవరు వచ్చారో చెప్పుకుంటూ పోతే జాబితా పెద్దదే. గోగోల్, తుర్గేనెవ్, రేపిన్, వస్నెత్సొవ్, పొలేనొవ్, సెరోవ్, వ్రూబెల్, నెస్తెరొవ్. ఆ పేర్లకంటే నాకు ముఖ్యమనిపించేది, వచ్చినవాళ్ళు అక్కడ ఏం చేశారన్నది. ఊరికే కూర్చున్నవాళ్ళు తక్కువ. బొమ్మలు వేసేవాళ్ళు రాయి చెక్కారు. రైళ్ళు వేయించే వ్యాపారి మట్టితో విగ్రహాలు చేశాడు. ఇంటి ఇల్లాలు పల్లె పిల్లలకి వడ్రంగం నేర్పించింది. మనుషులు తమ బతుకులో కొంత భాగాన్ని పనిగా మార్చి ఒకచోట వదిలి వెళితే, ఆ చోటుకి అర్థం అక్కడినుంచి వస్తుంది. అబ్రామ్త్సెవోలో ఆ పని ఇవాళ్టికీ కంటికి కనిపిస్తుంది, చేతికి తగులుతుంది. దాన్ని కొంచెం దగ్గరగా చూద్దాం.

చూపు మందగించాక వచ్చిన పుస్తకాలు

రచయిత సెర్గేయ్ అక్సాకొవ్ ఈ ఎస్టేట్‌ని 1843లో కొన్నాడు. అప్పటికే ఆయనకి 50 దాటాయి. సెన్సారు ఉద్యోగం చేశాడు, నాటకాల మీద సమీక్షలు రాశాడు, అనువాదాలు చేశాడు. ఇవాళ ఆయన పేరు చెప్పగానే గుర్తొచ్చే పుస్తకాల్లో మాత్రం ఒక్కటీ ఇంకా రాయలేదు. ఆయనకి చేపల వేటంటే ప్రాణం. గాలం పట్టుకుని వోర్యా గట్టున కూర్చుంటే లేచేవాడు కాదు. ఆ కూర్చోవడంలోంచే 1847లో చేపలు పట్టడం గురించిన పుస్తకం వచ్చింది. ఏ చేప ఎలాంటి నీళ్ళలో తిరుగుతుంది, ఏ ఎరకి వస్తుంది, గాలం దారం ఎలా ఉండాలి, అందులో ఉన్నవి ఈ సంగతులే. చదివినవాళ్ళు గాలం సంగతులు ఎంత నేర్చుకున్నారో గానీ, ఒక కొత్త వచనం చెవిన పడిందని గుర్తుపట్టారు. 1852లో వచ్చిన పిట్టల వేట పుస్తకాన్ని తుర్గేనెవ్ మెచ్చుకుంటూ సమీక్ష రాశాడు.

ఈలోగా అక్సాకొవ్‌కి కంటిచూపు తగ్గుతూ వచ్చింది. కలం పట్టడం కష్టమైంది. ఆయన చెబుతుంటే కూతురు వేరా రాసిపెట్టేది. 1856లో వచ్చిన కుటుంబ చరిత్ర, 1858లో వచ్చిన బాల్య స్మృతుల నవల ఇలా తయారైనవే. ఆ రెండింట్లోనూ ఉన్నది అబ్రామ్త్సెవో కాదు. ఆయన పుట్టి పెరిగిన ఉఫా, ఒరెన్‌బుర్గ్ ప్రాంతపు పచ్చిక మైదానాలు, తాతగారి ఇల్లు, అక్కడి నదులు. ఎదురుగా ఉన్న తోట మసకబారుతున్నకొద్దీ ఏనాటివో మైదానాలు స్పష్టమయ్యాయి. ఆయన వాక్యాల్లో తొందర ఉండదు. వినేవాళ్ళు రాసుకోవడానికి వీలుగా, ఒక విషయం పూర్తయ్యాకే ఇంకోటి మొదలవుతుంది. విశేషణం వేస్తే అది చూసి తెలుసుకున్నదై ఉంటుంది. చేప పొలుసు రంగు చెప్పినంత కచ్చితంగా మనిషి కోపాన్ని చెబుతాడు. చేపల పుస్తకంలో అలవాటైన నిదానమే నవలకీ పనికొచ్చింది. ఆ బాల్య స్మృతులకి చివర చేర్చిన ఎర్రపువ్వు కథ, చిన్నప్పుడు ఇంట్లో పనిచేసే పెలగేయా చెబుతుంటే విన్నది. ఆమె నోటితో చెప్పిన కథని ఆయన నోటితోనే తిరిగి చెప్పాడు. రష్యన్ పిల్లలు ఈనాటికీ చదువుతున్న కథ అది.

గోగోల్ ఈ ఇంటికి 1849 ఆగస్టులో మొదటిసారి వచ్చాడు. 'మృత జీవులు' రెండో భాగం మొదటి అధ్యాయం ఇక్కడే అక్సాకొవ్ కుటుంబానికి చదివి వినిపించాడు. 1852లో చనిపోయే ముందు ఆ రెండో భాగం రాతప్రతిని తానే కాల్చేశాడు. కొన్ని ముక్కలు మాత్రమే మిగిలాయి. ప్రపంచం పూర్తిగా చదవలేకపోయిన పుస్తకాన్ని రచయిత గొంతులో విన్న అతికొద్ది ఇళ్ళలో ఇదొకటి. మేడమీద గదిని నేటికీ గోగోల్ గది అంటారు.

ఇద్దరు కొత్త యజమానులు

అక్సాకొవ్ 1859లో పోయాడు. తర్వాత పదేళ్ళకి పైగా ఇల్లు పాడుబడుతూ ఉంది. 1870లో అక్సాకొవ్ కూతురి దగ్గరనుంచి దాన్ని కొన్నవాళ్ళు సావ్వా మామొంతొవ్, ఆయన భార్య ఎలిజవేతా. సావ్వాకి అప్పటికి 30 ఏళ్ళు కూడా నిండలేదు. వర్తక కుటుంబంలో పుట్టి రైల్వేల్లో సంపాదించినవాడు. మాస్కోనుంచి యారొస్లావ్ల్ వైపు వెళ్ళే రైలుమార్గం ఆ కుటుంబానిదే. తర్వాత ఆ మార్గాన్ని ఉత్తరాన అర్హాంగెల్స్క్ దాకా తీసుకెళ్ళాడు. ఇటలీలో సంగీతం నేర్చుకున్నాడు, విగ్రహాలు చెయ్యడం వచ్చు, నాటకాలు రాసేవాడు, ఎవరిలో ఏ నేర్పు ఉందో ఇట్టే పసిగట్టేవాడు.

ఎలిజవేతా స్వభావం వేరు. ఆమె భక్తురాలు, మితభాషి, మొదలుపెట్టిన పని మధ్యలో వదలదు. కొన్న కొద్దికాలానికే ఊరివాళ్ళ కోసం ఒక ఆసుపత్రి, పిల్లల కోసం ఒక బడి వచ్చాయి. 1876లో ఆ బడికి అనుబంధంగా వడ్రంగం నేర్పే కార్ఖానా పెట్టారు. రైతు కుర్రాళ్ళు కూలికోసం మాస్కో ఫ్యాక్టరీలకి పోకుండా ఇంటిపట్టునే బతకాలన్నది ఆమె ఆలోచన. అప్పటికింకా దాంట్లో కళ ఊసే లేదు. బల్లలు, పెట్టెలు చేయించేవారు.

పరిచయమైన యువ చిత్రకారులని మామొంతొవ్ దంపతులు వేసవికి తమ ఇంటికి రమ్మన్నారు. వసీలి పొలేనొవ్, ఇల్యా రేపిన్, విక్తర్ వస్నెత్సొవ్ వచ్చి చుట్టుపక్కల ఇళ్ళలో దిగారు. పొద్దున్న ఎవరి బొమ్మ వాళ్ళు వేసుకునేవారు. సాయంత్రం అందరూ కలిసి పుస్తకాలు చదువుకోవడం, నాటకాలాడటం. కసాక్కులు సుల్తానుకి ఉత్తరం రాస్తున్న ప్రసిద్ధ చిత్రానికి రేపిన్ మొదటి స్కెచ్ వేసింది 1878లో, ఇక్కడే. ఆ స్కెచ్ పెద్ద చిత్రం కావడానికి పదేళ్ళకి పైగా పట్టింది.

ఈ ప్రాంతం కూడా సామాన్యమైంది కాదు. దగ్గర్లోనే రదొనెజ్. అక్కడివాడైన సెర్గీ అనే సన్యాసి 14వ శతాబ్దంలో స్థాపించిన ట్రినిటీ మఠం రష్యన్లకి పెద్ద యాత్రాస్థలం. ఆయన తల్లిదండ్రుల సమాధులు ఖోత్కొవొ మఠంలో, అబ్రామ్త్సెవోకి కూతవేటు దూరంలో ఉన్నాయి. మాస్కోనుంచి నడిచివచ్చే యాత్రికులు ఈ దారులవెంటే వెళ్ళేవారు. అలా వెళుతున్న జనాన్ని కళాకారులు రోజూ చూశారు. పాత రష్యా పుస్తకాల్లో వెతుక్కోవాల్సిన వస్తువు కాకుండా, ఇంటిముందునుంచి నడిచిపోయే వస్తువైంది.

చెక్కతో మొదటి అడుగులు

వాస్తుశిల్పి విక్తర్ హర్త్‌మన్ 1873లో తోటలో ఒక స్టూడియో కట్టాడు. పల్లె స్త్రీలు తువ్వాళ్ళ అంచులకి కుట్టే అల్లికని ఆయన చెక్కలో కోయించి చూరుకి తగిలించాడు. ఆయన అదే ఏడాది చిన్నవయసులోనే చనిపోయాడు. ఈ స్నేహితుడి చిత్రాల ప్రదర్శన చూసి సంగీతకర్త ముసోర్గ్‌స్కీ 1874లో రాసిన పియానో రచన ప్రపంచమంతా వాయిస్తోంది. అందులో ఒక భాగం కోడికాళ్ళ గుడిసె మీద. అది హర్త్‌మన్ వేసిన ఒక గడియారం నమూనా. పదేళ్ళ తర్వాత, 1883లో, అదే కోడికాళ్ళ గుడిసెని వస్నెత్సొవ్ అబ్రామ్త్సెవో తోటలో పిల్లలు ఆడుకోవడానికి నిజంగా కట్టించాడు. మాస్కోలో అచ్చయి విశాలాంధ్ర షాపుల్లో అమ్మిన రష్యన్ జానపద కథల తెలుగు పుస్తకాలు చదివి పెరిగినవాళ్ళకి మంత్రగత్తె బాబా యగా ఉండే ఆ గుడిసె కొత్తేమీ కాదు. దుంగలు మూలల్లో ఒకదానిమీద ఒకటి కూర్చున్న తీరు, నిటారుగా లేచిన కప్పు, కింద కాళ్ళలా నిలిపిన మొద్దులు అన్నీ పల్లె వడ్రంగి పద్ధతిలోనే ఉన్నాయి. కథలో వస్తువుని కట్టేటప్పుడు కూడా వస్నెత్సొవ్ దాన్ని నాటకం సెట్టులా వదిలెయ్యలేదు. వాననీ మంచునీ తట్టుకునేలా కట్టించాడు.

చిన్న చర్చి, పెద్ద బడి

ఒక వసంతంలో వోర్యా పొంగి, పండగ ప్రార్థనకి దగ్గరి ఊరి చర్చికి వెళ్ళడం కుదరలేదు. మన దగ్గరే ఒక చర్చి ఉంటే బాగుండునన్న మాట అప్పుడు వచ్చింది. 1881లో పని మొదలై 1882లో పూర్తయింది. ఆ మధ్యకాలంలో అక్కడున్న ప్రతివాళ్ళూ ఆ పనిలో ఉన్నారు.

పొలేనొవ్ నొవ్గొరొద్‌లోని 12వ శతాబ్దపు నెరెదిత్స చర్చిని మనసులో పెట్టుకుని నమూనా గీశాడు. వస్నెత్సొవ్ దాన్ని తనదైన పద్ధతిలో మార్చాడు. కట్టిన చర్చి రెండింటి కలయిక. తెల్లటి సున్నపు గోడలు, ఒకే ఒక్క గుమ్మటం, లోతైన కిటికీలు. దగ్గరికెళితే ముందు కొట్టొచ్చినట్టు కనిపించేది గోడల వాలు. అవి తిన్నగా పైకి లేవవు. కింద కాస్త వెడల్పుగా మొదలై పైకి వెళ్ళేకొద్దీ లోపలికి ఒరుగుతాయి. అంచులు కత్తితో కోసినట్టుండవు, చేత్తో నిమిరినట్టు మెత్తగా ఉంటాయి. 19వ శతాబ్దంలో ప్రభుత్వం కట్టించిన చర్చిల్లో అన్నీ స్కేలుపెట్టి గీసిన గీతలే. ఆ కొలతల క్రమశిక్షణని ఈ చర్చి కావాలనే పక్కనపెట్టింది. పాత నొవ్గొరొద్ తాపీవాళ్ళ గోడల్లోని చిన్నచిన్న ఒంకరలు తప్పులు కావనీ, వాటివల్లే గోడ మీద వెలుగు కదులుతుందనీ ఈ కళాకారులు గుర్తించారు. ఎత్తు తక్కువే అయినా చర్చి బరువుగా, నేలలో వేళ్ళు దిగినట్టు నిలబడటానికి కారణం ఆ వాలే.

కిటికీల చుట్టూ, తలుపు చుట్టూ తెల్లరాతిలో నగిషీ ఉంది. వస్నెత్సొవ్ తీగలు, ఆకులు గీసిచ్చేవాడు. చెక్కడంలో చిత్రకారులూ, ఇంటి ఆడవాళ్ళూ చేయి కలిపారు. అందుకే అక్కడి గీతల్లో వృత్తిశిల్పి ఉలికి ఉండే ఒకే లోతు కనిపించదు. కొన్ని ఆకులు బలంగా, కొన్ని భయం భయంగా తెగాయి. దూరంనుంచి చూస్తే ఆ తేడాలన్నీ కలిసిపోయి రాయికి ప్రాణం వచ్చినట్టుంటుంది.

లోపల ఐకన్ల గోడకి ఒక్కొక్కరూ ఒక్కొక్క బొమ్మ వేశారు. నడిమి తలుపుల మీద దేవదూత మరియమ్మకి శుభవార్త చెప్పే దృశ్యం పొలేనొవ్‌ది. క్రీస్తు ముఖం ముద్రపడిన వస్త్రాన్ని చూపే ప్రధాన ఐకన్ రేపిన్‌ది. దాని పేరే చర్చికీ పెట్టారు. సెర్గీ సన్యాసి బొమ్మ వస్నెత్సొవ్‌ది. ఎలిజవేతా, స్నేహితురాళ్ళు తెరలు, వస్త్రాలు కుట్టారు. పాటగాళ్ళు నిలబడే చోట అడ్డపలకల మీద వస్నెత్సొవ్ పూలు వేశాడు.

ఆ చర్చిలో నాకు అన్నిటికంటే ఇష్టమైంది తల వంచుకుంటేనే కనిపిస్తుంది. అది నేల. వస్నెత్సొవ్ గీసిన ఒక పెద్ద పువ్వు, చిన్న రాతిముక్కలతో పరిచిన మొజాయిక్‌లో నేలంతా విచ్చుకుని ఉంటుంది. తీగ వంపు తిరుగుతూ పాకుతుంది, రేకులు ఒకదానికొకటి సరిసమానంగా ఉండవు. సాధారణంగా చర్చి నేల గళ్ళు గళ్ళుగా ఉంటుంది, ఎక్కడ నిలబడినా ఒకటే. ఇక్కడ అడుగు తీసి అడుగు వేస్తే కింద ఇంకో వంపు, ఇంకో ఆకు. చదరపు గదిలో గుండ్రంగా తిరిగే గీత పడటంతో, ఇరుకు గది ఇరుకనిపించదు. ఆ ఒక్క నిర్ణయంతో వస్నెత్సొవ్ చిత్రకారుడిగా ఉంటూనే కట్టడాల మనిషి అయ్యాడు. తర్వాత కాలంలో మాస్కోలో ట్రెత్యకొవ్ గ్యాలరీ ముఖద్వారానికి రూపం ఇచ్చింది ఆయనే. ఆ దారి మొదలైంది ఈ నేల మీదే.

1882లో పొలేనొవ్ పెళ్ళి ఆ చర్చిలోనే జరిగింది. తన చేత్తో రంగులేసిన తలుపుల ముందు నిలబడి ఆయన పెళ్ళి చేసుకున్నాడు.

ఉలి కింద పల్లె పువ్వు

చర్చి పని నడుస్తున్న 1881లోనే, దగ్గర్లోని రెపిహొవొ అనే పల్లెలో కళాకారులకి ఒక రైతు ఇంటి ముందు నగిషీ చెక్కిన పలక కనిపించింది. దాన్ని ఇంటికి తెచ్చారు. అక్కడినుంచి సేకరణ మొదలైంది. ఉప్పుపెట్టెలు, గరిటెలు, నూలు వడికేటప్పుడు వాడే పలకలు, బట్టలు ఉతికేటప్పుడు బాదే చెక్కలు, బండి వెనకపలకలు. ఊళ్ళలో ఇవి పాతబడితే పొయ్యిలోకి పోయే సామాన్లు. అబ్రామ్త్సెవో ఇంట్లో అవి చిన్న మ్యూజియం అయ్యాయి.

వసీలి పొలేనొవ్ చెల్లెలు యెలేనా పొలేనొవా 1885లో ఎలిజవేతా వడ్రంగం బడికి కళా బాధ్యత తీసుకుంది. ఆమె నీటిరంగుల చిత్రకారిణి. పిల్లల కోసం రష్యన్ జానపద కథలకి బొమ్మలు వేసిన తొలి తరంలో ముఖ్యురాలు. బడి కోసం ఆమె 100కు పైగా సామాన్ల నమూనాలు గీసింది. ఊరూరా తిరిగి చూసిన స్తంభం, పిడి, అంచు నోటుబుక్కులో దించుకుని, ఇంటికొచ్చి వాటిని కలిపి ఒక బీరువాగానో, కుర్చీగానో, గోడ అలమరగానో కట్టేది.

ఆ చెక్కడాన్ని దగ్గరగా చూస్తే పని అర్థమవుతుంది. ముందు పలకని చిత్రిక పట్టి నున్నగా చేస్తారు. దానిమీద వృత్తలేఖినితో వలయాలు గీస్తారు. ప్రతి వలయంలోనూ ఆరు రేకుల పువ్వు. తర్వాత కత్తిని ఏటవాలుగా పెట్టి ఒక పక్కనుంచి ఒకటి, ఇంకో పక్కనుంచి ఇంకోటి కోస్తే మూడు మూలల పెచ్చు పైకి లేస్తుంది. లోపల ఒక చిన్న గుంట మిగులుతుంది. ఆ గుంటలే డిజైను. మన వాకిట్లో ముగ్గులాగా ఇదీ చుక్కలూ లెక్కా తెలిసిన చేతికే లొంగుతుంది. గుంట ఒక గోడ వెలుగులో, ఇంకో గోడ నీడలో ఉంటుంది కాబట్టి రంగు వెయ్యకుండానే రెండు రంగులు కనిపిస్తాయి. లోతు ఎక్కడైనా కాస్త తేడా వస్తే ఆ వరసంతా కంటికి చెదురుతుంది. రష్యన్ రైతులు తరతరాలుగా చేసిన పని ఇది.

పొలేనొవా దీనికి ఒకటి జోడించింది. వృత్తాల పక్కన పొలంగట్ల మీది పూలని తెచ్చి నిలబెట్టింది. ఆ పువ్వులో రేకుకి రేకు చూపించడం లేదు. కాడ ఎటు ఒరిగింది, ఆకు ఎక్కడ మొదలైంది, అంతవరకే ఉంచి తక్కినదంతా తీసేసింది. లెక్కప్రకారం తిరిగే వలయాల మధ్య ఆ ఒక్క పువ్వు స్వేచ్ఛగా ఒరిగి ఉంటే, బీరువా తలుపు మొత్తం ఊపిరి పీల్చుకున్నట్టుంటుంది. పైగా ఆ నమూనాని గీసిన చెయ్యి వేరు, చెక్కిన చెయ్యి వేరు. పల్లెకుర్రాడు తప్పులేకుండా చెయ్యగలిగేలా ఆమె గీసింది. ఇంకొకరి చేతి బలం ఎంతో ఎరిగి గీయడం అందరికీ వచ్చే విద్య కాదు. ఆ విద్యలో ఆమెకి సాటివాళ్ళు తక్కువ. తన పనిలో చాలాభాగం మీద ఆమె పేరు లేదు. 1898లో, 50 ఏళ్ళు నిండకముందే ఆమె చనిపోయింది.

ఒక కాన్వాసు, ఒక వేసవి

1887 వేసవిలో వలెంతిన్ సెరోవ్ ఇటలీనుంచి తిరిగొచ్చాడు. ఆయనకి 22 ఏళ్ళు. చిన్నప్పుడే తండ్రి పోయాడు. సంగీతకారిణి అయిన తల్లి 1875లో అతణ్ణి ఈ ఇంటికి తీసుకొచ్చింది. అప్పటినుంచీ ఇది అతనికి సొంత ఇల్లే. రేపిన్ దగ్గర బొమ్మలు నేర్చుకున్నాడు. మామొంతొవ్ దంపతుల కూతురు వేరాకి అప్పుడు 11 ఏళ్ళు. ఆమెని భోజనాల గదిలో కూర్చోబెట్టి బొమ్మ వెయ్యడం మొదలుపెట్టాడు. నెలకి పైగా పట్టింది. రోజూ ఆడుకునే వేళలో కదలకుండా కూర్చోవడం ఆ పిల్లకి ఎంత కష్టమో ఆయనకి తెలుసు. తర్వాత ఆ మాట ఆయనే ఒప్పుకున్నాడు.

అదే 'పీచ్ పళ్ళతో అమ్మాయి'. 91 సెంటీమీటర్ల ఎత్తు, 85 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న కాన్వాసు. ఇప్పుడు ట్రెత్యకొవ్ గ్యాలరీలో ఉంది. పిల్ల ఎర్రగులాబీ రంగు చొక్కా వేసుకుంది, మెడకింద పెద్ద ముదురు బో. చేతుల్లో ఒక పండు. బల్లమీద తెల్లగుడ్డ, ఇంకొన్ని పళ్ళు, ఒక చాకు, మేపుల్ ఆకులు. వెనక కిటికీ. మూలన చెక్క సైనికుడి బొమ్మ, గోడకి ఒక పళ్ళెం.

ఇందులో పనితనం అంతా వెలుగు దగ్గర ఉంది. మామూలుగా ముఖచిత్రం వేసేవాళ్ళు వెలుగు ముఖంమీద పడేలా మనిషిని కూర్చోబెడతారు. సెరోవ్ కిటికీని పిల్ల వెనకపెట్టాడు. అంటే ముఖం నీడవైపు ఉంటుంది. నీడలో ఉన్న ముఖాన్ని మసిబారకుండా, ఎండలో తిరిగిన పిల్ల ముఖంలా వెచ్చగా నిలబెట్టడం కష్టం. బల్లగుడ్డమీద పడిన వెలుగు వెనక్కి తిరిగి గడ్డానికి, చెంపలకి తగులుతుంది. ఆ వెలుగే ముఖాన్ని కాపాడింది. ఆ గుడ్డని తెల్లగుడ్డ అంటాం గానీ అందులో తెలుపు చాలా తక్కువ. నీలం, గులాబీ, బూడిదరంగు, కాస్త పచ్చ, ఇవన్నీ పక్కపక్కన పడితే కంటికి తెలుపు తగులుతుంది. చొక్కా గులాబీ గుడ్డలోకి జారింది, కిటికీలోని పచ్చ కుర్చీల అంచుల్లోకి వచ్చింది. బొమ్మలో ఏ వస్తువూ ఒంటరిగా లేదు.

ఇంకో విశేషం, రంగు పూత. కుంచె గుర్తులు తాజాగా, పొద్దున్నే వేసి వదిలేసినట్టు ఉంటాయి. నిజానికి వారాల తరబడి దిద్దిన పని. పాతకాలపు గురువుల చిత్రాల్లోలా బొమ్మ పూర్తవ్వాలి, అయినా మొదటిరోజు తాజాతనం పోకూడదన్నది సెరోవ్ పట్టుదల. దిద్దిన ప్రతిసారీ ఆ తాజాతనాన్ని మళ్ళీ సంపాదించుకోవాల్సి వస్తుంది. మూలన ఉన్న సైనికుడి బొమ్మ సెర్గియెవ్ పొసాద్ బొమ్మలవాళ్ళు చేసింది. దానికి రంగులేసింది సెరోవే. పళ్ళు ఇంటి వేడి గదుల్లో కాసినవి. ఈ కాన్వాసులో వెతికితే అబ్రామ్త్సెవో బయటివస్తువు దొరకడం కష్టం.

బొమ్మని సెరోవ్ ఎలిజవేతాకి ఇచ్చాడు. వేరా పెరిగి పెద్దదై, పెళ్ళి చేసుకుని, ముగ్గురు పిల్లల తల్లయి, 1907లో న్యుమోనియాతో 32 ఏళ్ళకే పోయింది. భర్త మళ్ళీ పెళ్ళి చేసుకోలేదు. ఆమె పేరున ఒక చర్చి కట్టించాడు.

మట్టి, మంట, పతనం

మిహయిల్ నెస్తెరొవ్ దగ్గరి పల్లెలో దిగి, 1889లో రదొనెజ్ సెర్గీ బాల్యం మీద పెద్ద చిత్రం మొదలుపెట్టాడు. దాని వెనక కనిపించే శరదృతువు కొండలు, చిన్న చెట్లు, వంపు తిరిగిన ఏరు అబ్రామ్త్సెవో వరండాలోంచి చూసినవి. బాలసాధువు ముఖానికి నమూనా, జబ్బునుంచి కోలుకుంటున్న ఒక పల్లె అమ్మాయి. సన్యాసి నడిచిన నేలమీదే ఆయన ముఖం దొరికింది.

అదేకాలంలో మిహయిల్ వ్రూబెల్ వచ్చాడు. సావ్వా మట్టిపాత్రల కార్ఖానా పెట్టాడు. ప్యోత్ర్ వావులిన్ అనే నిపుణుడు మెరుపు పూతల రసాయనం చూసేవాడు. వ్రూబెల్ పొయ్యిలకి పలకలు, సింహం తలలు, తోటలో కూర్చునే బల్ల చేశాడు. బట్టీలో పూత కరిగి ఎటు జారుతుందో పూర్తిగా మనిషి చేతిలో ఉండదు. వ్రూబెల్ దాన్ని అడ్డుకోలేదు. కరిగిన పూత ఆగేందుకు మట్టిలో గాడులు, మడతలు ముందే పెట్టాడు. మంట చేసే పనికి కూడా బొమ్మలో చోటిచ్చాడు. కార్ఖానా మాస్కోకి మారాక, సంగీతకర్త రీమ్‌స్కీ కోర్సకొవ్ ఒపెరాల పాత్రలని మజోలికా, అంటే మెరుపు పూత మట్టి బొమ్మలుగా చేశాడు. ఆ ఒపెరాలు ఆడింది సావ్వా నాటకసంస్థ. పాడింది వ్రూబెల్ భార్య నదేజ్దా. మాస్కో మెత్రొపోల్ హోటల్ పైన ఆయన గీసిన బొమ్మతో ఉన్న పెద్ద పలకల చిత్రం కూడా ఆ కార్ఖానాదే.

1899లో సావ్వాని రైల్వే లెక్కల వ్యవహారంలో అరెస్టు చేశారు. చిత్రకారులు ఉమ్మడిగా ఆయనకి ధైర్యం చెబుతూ ఉత్తరం రాశారు. 1900లో జ్యూరీ ఆయన్ని నిర్దోషి అంది గానీ ఆస్తి మిగల్లేదు. అబ్రామ్త్సెవో మాత్రం ఎలిజవేతా చేతిలో ఉండిపోయింది. కొడుకు అంద్రేయ్ 1891లోనే పోయాడు. చర్చి పక్కన అతని సమాధిమీద వస్నెత్సొవ్ చిన్న మందిరం రూపొందించాడు. తర్వాత వేరా, 1908లో ఎలిజవేతా, 1918లో సావ్వా అక్కడికే చేరారు. విప్లవం తర్వాత ఇల్లు ప్రభుత్వపరమైంది. చిన్నకూతురు అలెక్సాంద్రా దానికి మొదటి సంరక్షకురాలు. మధ్యలో కొన్నేళ్ళు విశ్రాంతి గృహంగా వాడి, 1950లో మళ్ళీ మ్యూజియంగా తెరిచారు.

బడిలో చదివిన కుర్రాళ్ళలో కుద్రినొ ఊరివాడైన వసీలి వొర్నొస్కొవ్ సొంత కార్ఖానా పెట్టుకున్నాడు. కోసిన అంచుల్ని గుండ్రంగా నిమిరి, పిట్టలనీ తీగలనీ దట్టంగా అల్లే తీరు ఆయనది. దాన్ని అబ్రామ్త్సెవో కుద్రినొ చెక్కడం అంటున్నారు. ఖోత్కొవొలో వస్నెత్సొవ్ పేరున ఉన్న కళాశాలలో ఇవాళ్టికీ చెక్క, రాయి, మట్టి పనులు నేర్పుతున్నారు.

అబ్రామ్త్సెవో గురించి రాసేవాళ్ళు ముందు సావ్వా పేరు, తర్వాత చిత్రకారుల పేర్లు చెబుతారు. వాళ్ళ గొప్పతనంలో అనుమానం లేదు. కానీ పైన చూసిన పనుల్ని మళ్ళీ వరసగా తలుచుకుంటే, చాలావాటి వెనక ఎలిజవేతా కనిపిస్తుంది. వడ్రంగం బడి ఆమెది, చర్చి వస్త్రాల మీద ఆమె సూది ఉంది, పొలేనొవాకి పని అప్పగించింది ఆమె, సెరోవ్ కాన్వాసు ఆమె కూతురిది, దాన్ని దాచింది ఆమె, అన్నీ పోయినప్పుడు ఇంటిని నిలిపింది ఆమె. గొప్ప కళాకారులు ఎక్కడున్నా గొప్ప పనులు చేస్తారు. పక్కింటి కుర్రాడి చేతికి ఉలి ఇచ్చి, అదే చూరుకింద వాళ్ళతో కలిసి పనిచెయ్యనివ్వడం మాత్రం ఎవరో ఒకరు పూనుకుంటేనే జరుగుతుంది. అబ్రామ్త్సెవో చరిత్రలో మొదట చెప్పాల్సిన పేరు ఎలిజవేతా మామొంతొవాది.